రెండవ దరఖాస్తు

పదవ తరగతి గదిలో నిలిచి “మీలో డాక్టరు కాదలచినవారెవ్వరు?” అని యడిగినచో మన ప్రాంతపు బడులలో సగము చేతులు పైకి లేచును. “కాలేకపోయినచో ఏమి చేయుదురు?” అని రెండవ ప్రశ్న వేసినచో ఆ చేతులన్నియు దిగిపోవును. పిల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొందురు. ఇంటివద్ద తండ్రిని ఇదే ప్రశ్న యడిగినచో, “శుభము పలుకుమనిన అశుభము పలుకుచున్నారేమయ్యా” అని నొచ్చుకొనును. ఎవ్వరును బదులు చెప్పని ఆ రెండవ ప్రశ్నను గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పిల్లల కోరికను నేను తప్పు పట్టుట లేదు. 2007వ సంవత్సరమున కోలారునుండి విడివడి చిక్కబళ్ళాపురము వేరు జిల్లా యైనప్పుడు ఇచట వైద్య కళాశాల యనునది లేదు. నేడు జిల్లా కేంద్రమునకు చేరువనే ప్రభుత్వ వైద్య కళాశాల నడచుచున్నది. విశ్వేశ్వరయ్యగారు జన్మించిన ముద్దేనహళ్లిలో, విద్యార్థులవద్ద రుసుము గైకొనని వైద్య కళాశాలను 2023 మార్చి 25వ తేదీన ప్రధానమంత్రి ప్రారంభించిరి. తెల్లకోటు ధరించిన యువతీయువకులు మన బస్సులలోనే ప్రయాణము చేయుచుండగా చూచిన పల్లెటూరి బిడ్డకు తానును అట్లు కావలెనని తోచుట సహజము. అది ఉత్తమమైన కోరిక.

కాని లెక్క కూడ చూడవలెను గదా. 2024వ సంవత్సరమున నీట్ పరీక్ష వ్రాసినవారు దేశమంతట 23 లక్షలకు మించిరి. ఎం.బి.బి.ఎస్. సీట్లు, ప్రభుత్వ కళాశాలలవియు ప్రైవేటు కళాశాలలవియు అన్నియు కూడినను, లక్షకు కొంచెము పైన మాత్రమే. అనగా సుమారు ఇరువదిమందికి ఒక్క సీటు. అందులోను సామాన్యమైన సేద్యగాని కుటుంబము భరింపగల ప్రభుత్వపు సీట్లు ఇంచుమించు సగమే. మిగిలిన పందొమ్మిదిమందియు మందబుద్ధులా? కానేరరు. వారిలో ఎందరో తెలివిగలవారు, కష్టపడినవారు. సీట్లే లేవు.

ఆ పందొమ్మిదిమందిలో మన బిడ్డ యుండవచ్చునని ముందుగా తలచి, వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టు శీతకాలముననే ఫార్మసీ పట్టమునకు కూడ దరఖాస్తు పెట్టవలయునని నా యభిప్రాయము. పెట్టుటయే గాదు, ఆ చదువును గౌరవముతో తెలిసికొని పెట్టవలయును.

శీతకాలముననే యని నొక్కి చెప్పుటకు కారణము కలదు. బి.ఫార్మసీకి నీట్ పరీక్షతో పనిలేదు. మన రాష్ట్రమున ఆ సీట్లను కర్ణాటక పరీక్షా ప్రాధికారమువారు నడుపు సి.ఇ.టి. ద్వారా పంచుదురు. 2025వ సంవత్సరపు తేదీలను చూడుడు. సి.ఇ.టి. దరఖాస్తులు జనవరి, ఫిబ్రవరి మాసములలో తీసికొనిరి. ఆ పరీక్ష ఏప్రిల్ 16, 17 తేదీలలో జరిగెను. నీట్ పరీక్ష మే 4వ తేదీన జరుగగా, దాని ఫలితము జూన్ 14వ తేదీన వెలువడెను. నీట్ ఫలితము చూచి, నిరాశపడి, తెప్పరిల్లి, “సరే, ఫార్మసీకైనను పోవుదము” అని తండ్రీకొడుకులు నిశ్చయించుకొనునప్పటికి సి.ఇ.టి. జరిగి రెండు నెలలు కావచ్చెను! అప్పుడిక మిగులునది యాజమాన్యపు సీటు. దాని ధర యాజమాన్యము చెప్పినదే.

ఇట్టి తండ్రులు జూన్ మాసమున మన ఉపాధ్యాయులయొద్దకు వచ్చుచుందురు. బిడ్డ పక్కన తలవంచుకొని నిలుచుండును. “అయ్యవారూ, ఇప్పుడేమి దారి?” అని యడుగుదురు. వారికి చెప్పదగిన మాట జనవరిలోనే చెప్పవలసిన మాట. జూన్‌లో దానివలన ప్రయోజనము లేదు.

దారి లేనప్పుడు చాలమంది పోవు దారి “లాంగ్ టర్మ్”. పట్టుగూళ్ల డబ్బో, టమోటా మీద వచ్చిన డబ్బో కట్టి, అది చాలకున్న అవ్వ మెడలోని గొలుసు కుదువబెట్టి, బిడ్డను ఆంధ్రదేశపు నగరమునకో బెంగుళూరునకో పంపుదురు. ఒక సంవత్సరము తిరిగి చదివి సీటు సంపాదించినవారు లేకపోలేదు. కొద్దిపాటి మార్కులలో తప్పిపోయిన బిడ్డకు అది న్యాయమైన ప్రయత్నమే. కాని మూడవ సంవత్సరము, నాలుగవ సంవత్సరము కూడ అదే గదిలో, అదే మంచముపై, అవే పుస్తకములతో గడపుచున్న పిల్లలను నే నెరుగుదును. వారికి విద్యయందు ఆసక్తి పోయినది. పండుగకు ఊరికి వచ్చుటకును సిగ్గుపడుదురు. వేరొక ద్వారము లేకపోవుటచేతనే వారు మూసిన తలుపునే తట్టుచున్నారు.

“రెండు పడవలమీద కాళ్లు పెట్టిన మునుగుదుము గదా” అని పెద్దలు కొందరు నాతో వాదించిరి. ఈ వాదమును నేను తేలికగా త్రోసివేయను. మనస్సు రెండు దిక్కులకు లాగిన చదువు సాగదనుట నిజమే. కాని ఇచట చదువు రెండు లేవు. నీట్‌కు చదువు భౌతిక, రసాయన, జీవశాస్త్రములే సి.ఇ.టి.కిని చదువవలెను. నీట్‌లో తప్పు సమాధానమునకు మార్కు కోసివేయుదురు, సి.ఇ.టి.లో కోయరు. వ్యత్యాస మంతమాత్రము. దరఖాస్తుకు ఒక పూట, పరీక్షకు రెండు దినములు. దీనిచేత మునిగిపోవు పడవ యేదియు నాకు కనబడుట లేదు. పైగా ఆ సి.ఇ.టి. మార్కులే వ్యవసాయ పట్టమునకును, పశువైద్యమునకును పనికివచ్చును. అవి వేరొకనాడు వ్రాయదగిన విషయములు.

ఫార్మసీ యనగా మందుల అంగడిలో చీటీ చూచి డబ్బా తీసి యిచ్చుట యని మనవారిలో చాలమంది తలంపు. దానిని గూర్చి ఒక సంగతి చెప్పెదను.

బాగేపల్లి తాలూకా పల్లె నొకదానియందు నాకు తెలిసిన ఒక అవ్వ కలదు. చక్కెర వ్యాధి చిరకాలముగా నున్నది. ప్రభుత్వాసుపత్రినుండి కొన్ని మాత్రలు తెచ్చుకొనుచుండెను. బెంగుళూరిలోని కుమారుడు అచటి వైద్యునికి చూపించి వేరు మాత్రలు కొనిపెట్టెను. అవ్వకు రెండింటిమీదను భక్తియే. రెండును వేసికొనుచుండెను. కొన్నాళ్లకు ఉదయమున పొయ్యి దగ్గర చెమటలు పట్టి కూలిపోవుట మొదలయ్యెను. దిగదుడిచిరి, తాయెత్తు కట్టిరి. చివరకు ఆరోగ్య కేంద్రమునకు క్రొత్తగా వచ్చిన ఫార్మసిస్టు ఆ రెండు మాత్రల షీట్లను చేతబట్టి చూచి, “అవ్వా, ఇవి రెండూ ఒకటే మందు. పేర్లు వేరు, అంతే. నువ్వు దినానికి రెండింతలు మింగుతున్నావు” అని తెలుగున చెప్పెను. ఆ మందు గ్లిమెపిరైడ్. మోతాదు మించిన రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. వెంటనే ఆమెను వైద్యునికి చూపించి ఒక షీటు మాన్పించిరి. నేటికిని ఆమె క్షేమముగా నున్నది.

ఆ ఫార్మసిస్టు చేసిన పని వైద్యము కాదు. రోగమును నిర్ణయించి మందు వ్రాయు హక్కు అతనికి లేదు, ఉండవలెనని అతడును కోరడు. కాని వ్యాపారపు పేరు వెనుక దాగిన అసలు మందు పేరు నెరుగుట, దాని మోతాదును, దానికి సరిపడని వేరు మందులను ఎరుగుట, దానిని రోగి మాటలో రోగికి తెలుపుట అతని విద్య. సరిహద్దు పల్లెలలో ఆంగ్లము రాక, కన్నడము చదువలేక, తెలుగు మాత్రమే మాటలాడు వృద్ధులు వేలకొలది యున్నారు. డబ్బామీద నున్న అక్షరము వారికి ఏ భాషయందున్నను ఒకటే. వారికి మందును గూర్చి తెలుగున చెప్పగలవాడు మన బడులలో చదివిన బిడ్డ కాక మరెవ్వరు?

చట్టమును ఈ విద్యకు బరువు నిచ్చినది. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము వైద్యుని చీటీపై మందు కూర్చి యిచ్చు అధికారము నమోదైన ఫార్మసిస్టుకే కలదు. ఈ విద్యలో మెట్లును కలవు. డిప్లొమా రెండేండ్లు, బి.ఫార్మసీ నాలుగేండ్లు. 2008వ సంవత్సరమున మొదలైన ఫార్మ్.డి. ఆరేండ్ల చదువు. అందులో చివరి యేడు ఆసుపత్రిలో శిక్షణ. డిప్లొమా ముగించినవారు బి.ఫార్మసీ రెండవ సంవత్సరమున చేరవచ్చును గనుక, ఇంటి పరిస్థితినిబట్టి ముందు చిన్న చదువు చదివి పిదప పెద్ద చదువునకు పోవు వీలున్నది. ఔషధ తనిఖీ అధికారి ఉద్యోగము ఫార్మసీ పట్టభద్రులకు లభించునది. మందుల తయారీ శాలలలో పరిశుద్ధతను పరీక్షించు పనులు కలవు. చవుక ధరకు మందులమ్ము జన ఔషధి కేంద్రము పెట్టుటకు ఫార్మసీ చదివినవారు కావలయును. హైదరాబాదున 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు తాడేపల్లి పసుపు రైతు బిడ్డ. ఆయన వైద్యుడు కాడు, ఔషధ రసాయనములను చదివినవాడు. బెంగుళూరున 1978లో బయోకాన్ స్థాపించిన కిరణ్ మజుందార్ షా తొలుత వైద్య కళాశాలనే కోరిరి. విద్యార్థివేతనము లభింపక వేరు దారి పట్టిరి.

అయినను ఈ విషయమున మన పిల్లలు అందరికంటె ముందు తెలిసికొనదగినవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు నెగ్గిరి. మదరాసు వైద్య కళాశాలలో చదువునపుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు ధరించుటచేత ఆంగ్ల శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రము పొందిరి. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము కోరగా దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపి, అమెరికా చేరి, అచట ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు హార్వర్డులో చదివిరి. రోగులకు నాడి చూచు వృత్తి ఆయనకు దక్కలేదనియే చెప్పవచ్చును. ఆయన జీవితమంతయు ప్రయోగశాలలో, మందుల మధ్య గడచెను. 1940లో లెడర్లీ సంస్థకు పోయి పరిశోధనకు నాయకత్వము వహించిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న డైఇథైల్ కార్బమజైన్ వారి ప్రయోగశాలనుండియే వచ్చినది. వారి సోదరుడు స్ప్రూ యను గ్రహణివ్యాధితో మరణించెను. ఆ వ్యాధికి పనిచేయు మందులలో ఫోలిక్ ఆమ్లము ఒకటి. మన పల్లెలలో ఆశా కార్యకర్త గర్భిణీస్త్రీలకు పంచు ఇనుపధాతువు మాత్రలలో ఆ ఫోలిక్ ఆమ్లమే కలదు. మీ అమ్మ నిన్ను మోసిననాడు మ్రింగిన మాత్ర అది.

ఇంత చెప్పితినని ఫార్మసీ చదివినవారందరును సుబ్బారావుగారు అగుదురని ఎవ్వరును భ్రమపడవలదు. ఈ దారిలోని ముండ్లను దాచుట మోసమగును. బి.ఫార్మసీ ముగించి చిన్న జీతముతో మొదలుపెట్టువారే అధికము. కళాశాలలు పుట్టగొడుగులవలె లేచినవి. క్రొత్త కళాశాలలను ఐదేండ్లు నిలుపవలెనని ఫార్మసీ కౌన్సిలువారు 2019లో నిషేధము విధింపగా, అట్టి నిషేధమును కేవలము తీర్మానముచే విధింపజాలరని 2022లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కావున కాపలా తండ్రియే కాయవలెను. కళాశాలకు ఫార్మసీ కౌన్సిలు ఆమోదము ఆ సంవత్సరమున కలదో లేదో చూడకుండ రూపాయి కట్టరాదు. ప్రయోగశాల తలుపు తెరిపించి చూడవలెను. గాజుపాత్రలపై దుమ్ము పేరుకొనియున్న మరొక కళాశాల చూచుకొనుట మేలు.

మరియొక సంగతి వ్రాయుటకు నాకు సంకోచముగనే యున్నది. కాని వ్రాయక తప్పదు. “పట్టము చేతికి వచ్చిన చాలును. దానిని అంగడివానికి బాడుగకిచ్చి ఇంట కూర్చుండవచ్చును” అని చెప్పి పిల్లలను ఈ చదువునకు పంపు పెద్దలు కొందరున్నారు. గోడమీద ఒకరి పేరు వ్రేలాడుచుండును, గల్లాపెట్టె దగ్గర వేరొకరు మందులిచ్చుచుందురు. ఇది నేరము. ఆ అవ్వవంటివారు కూలిపోవుటకు ఇట్టి అంగళ్లును కారణములు. బాడుగ కొరకై చదువదలచిన బిడ్డ ఫార్మసీకి పోవలదు. చీరెల అంగడి పెట్టుకొనుట నయము. అందులో ఎవ్వరి ప్రాణమును పోదు.

బి.ఫార్మసీలో చేరి, అచటినుండి ఎట్లో ఎం.బి.బి.ఎస్.లోనికి మారవచ్చునని ఆశపెట్టువారి మాటయు నమ్మవలదు. అట్టి మెట్టు లేదు. వైద్యుడు కావలెనన్న నీట్ మరల వ్రాసి మొదటి సంవత్సరమునుండియే మొదలుపెట్టవలెను.

ఇక మనవంటి అల్పసంఖ్యాక భాషవారికి ప్రత్యేకముగ తగులు చిక్కులు కొన్ని కలవు. తెలుగు మాటలాడుచున్నాము గనుక ఆంధ్ర రాష్ట్రమున సీటు సులభముగ దొరకునని బాగేపల్లి, చేళూరు వైపువారు తలంతురు. హిందూపురము మనకు కూతవేటు దూరమే. కాని అచటి స్థానికత్వము చదివిన చోటును, నివసించిన చోటును బట్టి యేర్పడునది గాని, మాటలాడు భాషనుబట్టి కాదు. మన స్థానికత్వము కర్ణాటకముననే యున్నది. ఒకటవ తరగతి మొదలు ద్వితీయ పి.యు.సి. వరకు కనీసము ఏడు సంవత్సరములు ఈ రాష్ట్రమున చదివి, ఎస్.ఎస్.ఎల్.సి. గాని ద్వితీయ పి.యు.సి. గాని ఇచటనే నెగ్గినవారు సి.ఇ.టి. ద్వారా ప్రభుత్వపు సీటు కోరవచ్చును. తెలుగు మాధ్యమమున చదివినంత మాత్రమున ఈ హక్కు పోదు.

కన్నడ మాధ్యమమున పదవ తరగతి వరకు చదివినవారికి నూటికి ఐదు సీట్లు ప్రత్యేకింపబడినవి. అవి మనకు రావు. అది న్యాయమా యని వాదింపవచ్చును, వాదింపవలసినదే. కాని ఆ వాదము దరఖాస్తు గడువులోపల తీరునది కాదు. అంతకంటె పెద్దది గ్రామీణ విద్యార్థుల కేర్పరచిన నూటికి పదునైదు. ఒకటి మొదలు పది వరకు పల్లెలోని బడిలోనే చదివినవారికి అది వర్తించును. ఈ సంగతి తెలియక ఆ గడిని ఖాళీగా విడిచిన బిడ్డలు మనలో నున్నారు. చింతామణి, బాగేపల్లి పట్టణములలోని బడులు పల్లె బడులు కావు గనుక, ఎనిమిదవ తరగతికి పట్టణమునకు మారువారు ఈ లాభనష్టములను ముందే యోచించుకొనవలెను.

నీట్ ప్రశ్నపత్రము తెలుగున కూడ లభించును. కాని ఇటీవలి ప్రకటనలప్రకారము తెలుగు పత్రము కోరినవారికి పరీక్షా కేంద్రము ఆంధ్ర, తెలంగాణములలోనే యిత్తురు. సి.ఇ.టి.లో తెలుగు పత్రము లేనే లేదు. ఫార్మసీ బోధన ఆంగ్లముననే. బి.ఫార్మసీలో చేరుటకు పన్నెండవ తరగతిలో ఆంగ్లము ఒక విషయముగ చదివియుండవలెనని ఫార్మసీ కౌన్సిలు నిబంధన. పి.యు.సి. లోనే మన పిల్లలు తడబడుట నేను చూచుచున్నాను. ‘ద్రావణము’ తెలిసిన బిడ్డకు ‘సొల్యూషన్’ తెలియక మార్కు పోవును. శాస్త్రము రాకపోవుట కాదది, మాట తెలియకపోవుట. పదవ తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో రెండు నెలలు శాస్త్రపదములను రెండు భాషలలోను వ్రాసి నేర్చుకొనిన ఈ యవస్థ సగము తీరును. ఖర్చు ఒక నోటుపుస్తకము.

పి.యు.సి.లో విషయములు ఎంచుకొనునపుడు భౌతిక, రసాయన, జీవశాస్త్రములతోపాటు గణితమును కూడ తీసికొనగలవారు తీసికొనుడు. బి.ఫార్మసీకి జీవశాస్త్రమైనను గణితమైనను చాలును గాని, రెండును ఉన్న బిడ్డకు తలుపులు ఎక్కువ తెరచియుండును. గణితమన్న భయపడువారిని బలవంతపెట్టుట మాత్రము కూడదు.

దరఖాస్తునకు కావలసిన కాగితములు తెచ్చుటకు తండ్రులు సామాన్యముగ చివరి వారములో పరుగెత్తుదురు. కుల, ఆదాయ ధ్రువపత్రములు నాడకచేరిలో దొరకును. చదివిన ప్రతి బడినుండియు అధ్యయన ప్రమాణపత్రము, పల్లె బడివారు గ్రామీణ ప్రమాణపత్రము తెచ్చుకొనవలెను. బిడ్డ మూడు బడులు మారియున్న మూడుచోట్లకును తిరుగవలెను. అందులో ఒకచోట పేరులో అక్షరము తప్పుగా నుండును. తెలుగున ‘వెంకటరమణప్ప’ యని యున్నది ఆంగ్లమున నాలుగు విధములుగ వ్రాసియుండుట మన ప్రాంతమున నిత్యము జరుగునదే. దానిని దిద్దించుటకే పక్షము దినములు పట్టును. సంక్రాంతికి ముందు, డిసెంబరు మాసముననే ఈ పని ముగించుకొనిన, దరఖాస్తులు తెరచినప్పుడు వైద్యమునకొకటి, ఫార్మసీకొకటి నెమ్మదిగా కూర్చుండి నింపవచ్చును.